లక్కమ్మ అడిగిన ప్రశ్న

వైశాఖ శుద్ధ తదియ బసవ జయంతి. ఆ దినమే అక్షయ తృతీయ. ఒకే తిథినాడు ఒక వీధిలో బసవేశ్వరుని పల్లకి సాగుచుండగా ప్రక్క వీధిలో బంగారు దుకాణముల ముంగిట జనులు బారులు తీరి నిలుతురు. ఉదయము పల్లకి వెంట నడచినవారే మధ్యాహ్నమునకు ఆ బారులలో కనబడుటయు కలదు. ఇందు పరిహసింపవలసిన దేమియు లేదు. బిడ్డ పెండ్లికో, తన వార్ధక్యమునకో నాలుగు కాసులు కూడబెట్టవలెనను తపన గృహస్థునకు సహజము. అయితే ఆ తపనకును, ఆనాడు జయంతి జరుపబడుచున్న మహాత్ముని బోధకును పొత్తు కుదురునా యను ప్రశ్న మాత్రము తప్పించుకొనరానిది.

ఆ ప్రశ్నను అందరికంటె పదునుగా అడిగినది ఆయ్దక్కి లక్కమ్మ. కన్నడమున అక్కి యనగా బియ్యము. ఏరిన బియ్యమే ఆ దంపతుల బ్రతుకుదెరువు గనుక అదే వారి పేరయ్యెను. పండ్రెండవ శతాబ్దమున కల్యాణ నగరమున బసవేశ్వరుని మహామనె వాకిట రాలిన గింజలను లక్కమ్మ భర్త మారయ్య ప్రతిదినము ఏరి తెచ్చెడివాడు. ఆ బియ్యముతోనే ఇంట జంగమార్చన జరుగుచుండెను. ఒకనాడు మారయ్య రోజుకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. వాకిట ఎక్కువగా పడియుండెను, ఏరెను. అతని దృష్టిలో అంతకుమించిన దేమియు లేదు. లక్కమ్మ సంతోషింపలేదు. రోజు తెచ్చునది చాలుచుండగా ఈ ఎక్కువ ఎందులకు వచ్చినది, ఇది ఎవరిది, నీ కాయకముదా, నీ ఆశదా యని నిలదీసెను. మిక్కిలిగా వచ్చినది తెచ్చిన చోటనే విడిచి రమ్మని భర్తను మరల పంపెను.

ఈ కథ ప్రవచనములలో తరచుగా వినబడును. వినినవారు తల లూపుదురు. ఇంటికి పోయి బీరువా తాళము సరిచూచుకొందురు. కథ వేరు, కాపురము వేరు అని మనస్సున సర్దుకొనుట అలవాటైపోయినది. అట్లు సర్దుకొనలేక పోయిన ఒక గృహస్థుని ముచ్చట ఇచట చెప్పదగియున్నది.

కల్యాణమునకు ఎంతో దూరము కాని జహీరాబాదు ప్రాంతమున ఒక గ్రామము. శ్రావణ మాసమున ఆ గ్రామపు మఠములో నెల దినములు పురాణ ప్రవచనము. లక్కమ్మ కథ ముగిసిన రాత్రి, జనులు లేచుచుండగా, పిండిమర నడుపుకొను ఒక శివభక్తుడు లేచి చేతులు జోడించెను.

"స్వామీ, ఒక సందేహము. నా బిడ్డకు తొమ్మిదేండ్లు. దాని చదువునకని బ్యాంకులో రెండు లక్షలు దాచితిని. ఆరేండ్లు కడుపు కట్టుకొని దాచినది. ఇప్పుడు లక్కమ్మ తల్లి మా ఇంటికి వచ్చిన ఆ రెండు లక్షలు ఎక్కడివో అక్కడ పెట్టి రమ్మనునా?"

సభలో కొందరు నవ్విరి. వృద్ధుడైన స్వామి నవ్వలేదు. "నాయనా, అప్పు లేమైన ఉన్నవా?" అని అడిగెను.

అతడు తడబడెను. "ఉన్నది స్వామీ. ఆరేండ్ల క్రిందట కొత్త మోటారుకును, చెల్లెలి పెండ్లికిని కలిపి లక్ష తెచ్చితిని."

"వడ్డీ యెంత?"

"నూటికి రెండు రూపాయలు. మూడేండ్ల కొకసారి నోటు తిరుగవ్రాసినాము. మూడవ నోటు వ్రాసి నెల కూడ కాలేదు."

స్వామి పలకయు బలపమును తెప్పించి, తపాలా కార్యాలయమున పనిచేయు ఒక యువకుని పిలిచి లెక్క వ్రాయించెను. నూటికి రెండనగా నెలకు రెండు, ఏడాదికి ఇరువది నాలుగు. లక్షకు మూడేండ్ల వడ్డీ 72,000. ప్రామిసరీ నోటుపై మూడేండ్ల లోపల దావా వేయకున్న అది చెల్లదు గనుక గడువు తీరకముందే షావుకారు నోటు తిరుగవ్రాయించుకొనును. అట్లు వ్రాయునపుడు వడ్డీ అసలులో కలియును. కావున రెండవ నోటు 1,72,000 రూపాయలకు. దానిపై మరల మూడేండ్లు గడువగా మూడవ నోటు 2,95,840 రూపాయలకు. ఇదియు తీరక నాలుగవ నోటు వ్రాయవలసివచ్చిన నాటికి 5,08,845. తెచ్చినది లక్ష. తొమ్మిదేండ్లలో అయిదింతలు. ఎవరును మోసము చేయలేదు. ప్రతి నోటును అతడే సంతకము చేసెను.

పిమ్మట రెండవ లెక్క. బ్యాంకులోని రెండు లక్షలకు నూటికి ఏడు చొప్పున ఏడాదికి 14,000 వచ్చును. మూడవ నోటుపై ఏడాదికి 71,000 పోవును. నూటికి రెండు, నూటికి ఏడు అని వినునపుడు చెవికి ఏడే పెద్దదిగా తోచును. ఒకటి నెలకు, రెండవది ఏడాదికి అను భేదము తెలియనివారు లేరు, కాగితముపై ప్రక్క ప్రక్కన వ్రాసి చూచువారే తక్కువ. వడ్డీకి తెచ్చిన అప్పును అట్లే యుంచి దానికంటె తక్కువ వడ్డీకి డబ్బు దాచుట ఎందరో నిజాయితీపరులైన గృహస్థులు చేయుచున్న పొరపాటు. దాచినది కంటికి కనబడును, ధైర్యము నిచ్చును; అప్పు షావుకారు పెట్టెలో నుండును గనుక మరపునకు వచ్చును.

"లక్కమ్మ దాచవద్దని చెప్పలేదు నాయనా," అని స్వామి పలికెను. "ఇది ఎవరిదని అడిగెను. నీ బిడ్డదని నీవు తలచుచున్న రెండు లక్షలు ఇదివరకే షావుకారువి. రేపే పోయి ఇచ్చి రమ్ము."

పొదుపును గూర్చి వీరశైవ ధర్మమున చెప్పదగిన మొదటి మాట ఇదియే. ఋణస్థుడు దాసోహమునకు అర్హుడు కాడని ఎవరును శాసింపలేదు. కాని అప్పు చేసి పెట్టిన విందు ఎవరి సొమ్ముతో పెట్టబడినదో శివునకు తెలియును. పంచాచారములలో సదాచార మనగా న్యాయముగా కాయకమున ఆర్జించి, ఆ ఆర్జనమునుండి గురు లింగ జంగమములకు సమర్పించుట. పరుల సొమ్ము దానిలో లేదు. పెండ్లిండ్లలో, గృహప్రవేశములలో నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి వేలమందికి భోజనములు పెట్టి దానిని దాసోహమని పిలుచుట ఆ పవిత్ర పదమునకు అపచారము. అది దాసోహము కాదు, డాబు. కఠినముగా తోచినను ఈ మాట చెప్పక తప్పదు, ఏలయన ఆ డాబునకై వ్రాసిన నోట్లే చేలు అమ్మించుచున్నవి.

మరునాటి ప్రవచనమున స్వామి బసవేశ్వరుని భాండారమును వర్ణించెను. బసవన్న సన్న్యాసి కాడు. బిజ్జలుని భాండారమునకు అధిపతి. రాజ్యపు సొమ్మంతయు ఆయన చేతిమీదుగా నడచినది. ఆయన జంగములకు రాజధనమును దోచిపెట్టుచున్నాడని గిట్టనివారు రాజునకు చాడీలు చెప్పిరి. బిజ్జలుడు వచ్చి లెక్క చూపుమనెను. పెట్టెలు తెరచి ఎంచగా ఒక్క మాడయు తక్కువ కాలేదు. పాల్కురికి సోమనాథుడు తన బసవపురాణమున ఈ ఘట్టమును మహిమగా కీర్తించెను. మహిమయే కావచ్చును. అయితే అడిగిన క్షణమున పెట్టె తెరచుటకు వెనుకాడని మనుష్యుని ఆ మహిమలో గుర్తింపవలెను. ఎన్ని కుటుంబములలో యజమాని తన పెట్టెను అట్లు తెరచి భార్యకు చూపగలడు?

ఇది చిన్న విషయముగా కనబడును. కాని గృహములు కూలుట ఇచటనే. భర్త హఠాత్తుగా లింగైక్యము చెందును. ఏ బ్యాంకులో ఏమున్నదో, ఎవరి కెంత ఇయ్యవలెనో భార్యకు తెలియదు. ఖాతాకు నామినీ పేరు వ్రాయలేదు. పది దినములు గడువకముందే ఎవరో ఒకడు నోటు పట్టుకొని వాకిట నిలుచును. ఆ నోటు నిజమో అబద్ధమో చెప్పగలవాడు సమాధిలో నున్నాడు. ఒక రూపాయి పుస్తకమున ఆదాయ వ్యయములు, అప్పులు, ఖాతాల సంఖ్యలు, భీమా పత్రముల వివరములు వ్రాసి భార్యాబిడ్డలకు తెలిసిన చోట నుంచుటకు విద్వత్తు అక్కరలేదు. పొలము పట్టా పుస్తకమునకు ఇచ్చు గౌరవము దానికిని ఇచ్చిన చాలును. భీమా యనగా గుర్తునకు వచ్చుచున్నది: సంపాదించువాడొక్కడే యైన ఇంట అతని ప్రాణమునకు భీమా ఉండవలెను. అది మరణించిన యెడల మాత్రమే పెద్ద మొత్తము నిచ్చు సాదా భీమా యైన, తక్కువ రుసుముతో ఎక్కువ రక్షణ కలుగును. డబ్బు తిరిగి వచ్చునను ఆశతో భీమాను, పొదుపును ఒకే పత్రములో కలిపిన రెండును పలుచబడును.

అప్పు తీరి, ఆరు నెలల ఇంటి ఖర్చు కష్టకాలమునకని ప్రక్కన బెట్టిన పిదప దీర్ఘకాలపు పొదుపు ప్రారంభమగును. లక్కమ్మ ప్రశ్న ఇచట మరల లేచి నిలుచును. దీనికి రైతు ఇంట సమాధానమున్నది. పంట చేతికి రాగానే రైతు మొదట విత్తనపు గింజలు వేరుచేయును. ఎంత కరవు వచ్చినను ఆ గాదె ముట్టడు. ఆ గింజలను చూచి లోభి యని ఎవరు నిందింతురు? అవి తిండికి మించినవి కావు. వచ్చు ఏటి తిండి. బిడ్డ చదువు, శరీరము కాయకమునకు ఓపలేని కాలపు అన్నము, ఇవి విత్తనములు. వీనికని ఉంచినది ఆశ కాదు. ఇంత చాలునని తెలిసిన తరువాతను ఆగక కూర్చుచు పోవుటయే ఆశ. ఆ రెంటికి నడుమ గీత ఎచట గీయవలెనో ఏ శాస్త్రమును అంకెలతో చెప్పదు. ఆ గీత గీయుట ప్రతి ఇంటి పని.

విత్తనము వేరుచేయు వేళను గూర్చియు శివాచారమున ఒక పోలిక కలదు. శివునకు అర్పించిన పిదప మిగిలినది ప్రసాదము. భక్తుడు ప్రసాదమును భుజించునే గాని భుజించగా మిగిలినదానిని అర్పింపడు. జీతము గాని, సరకు అమ్మిన డబ్బు గాని చేతికి వచ్చిన దినముననే దాసోహపు భాగమును, పొదుపు భాగమును తీసివేసి, మిగిలినదానితో సంసారము నడపవలెను. నెల చివర మిగిలినది దాచెదమనుకొనువారికి ఏ నెలయు మిగులదు.

కాలము చేయు పని మాత్రము చిత్రమైనది. నెలకు 1,000 రూపాయలు నూటికి ఏడాదికి ఎనిమిది చొప్పున చక్రవడ్డీకి పెరుగునని అనుకొన్నచో పదేండ్లకు సుమారు 1,83,000 అగును. ఇరువదేండ్లకు 5,89,000. ముప్పదేండ్లకు 14,90,000. వేసినది మొత్తము 3,60,000 మాత్రమే. మొదటి పదేండ్లు ఏమియు పెరుగుచున్నట్లు తోచదు. చివరి పదేండ్లలో తొమ్మిది లక్షలు చేరును. పిండిమర యజమానిని ముంచిన చక్రవడ్డీయే ఇచట తేల్చుచున్నది. అది ఎవరి పక్షమున నున్నదన్నదే ప్రశ్న. డెబ్బది రెండును వడ్డీ రేటుచే భాగించిన సొమ్ము ఎన్నేండ్లలో రెట్టింపగునో స్థూలముగా తెలియును: ఎనిమిదైన తొమ్మిదేండ్లు, ఆరైన పండ్రెండేండ్లు. ధరలు ఏటేట నూటికి ఆరు పెరిగిన, పెట్టెలో ఊరక పడియున్న నోట్లు పండ్రెండేండ్లలో సగము విలువకు దిగును. అందువలన పెట్టె భద్రమని తలచుట సరికాదు.

ఎచట దాచవలెనన్నది ఒక్కొక్కరి స్థితినిబట్టి యుండును. పబ్లిక్ ప్రావిడెంటు ఫండు 1968 నుండి అమలులో నున్నది. ఖాతా పదునైదేండ్లు సాగును, ఏడాదికి 500 రూపాయలతోనైన నిలుపుకొనవచ్చును. బ్యాంకులోని సొమ్మునకు 2020 ఫిబ్రవరి 4 నుండి ఒక్కొక్క బ్యాంకులో ఒక్కొక్కరికి అయిదు లక్షల వరకు భీమా కలదు. సహకార బ్యాంకులకును వర్తించును, కాని బ్యాంకు కాని పరపతి సంఘములకు వర్తింపదు. బంగారము నగలుగా కొన్నచో తరుగు, మజూరీ, పన్ను మొదటి దినముననే పోవును. అది అలంకారము; అలంకారముగా కొనుట తప్పుకాదు, పొదుపని చెప్పుకొనుటయే తప్పు. వాటాల విపణి విషయమున ఓర్పు కావలెను. 2020 జనవరిలో 42,000 దాటిన సెన్సెక్సు మార్చి 23న 26,000 క్రిందికి దిగెను. 2021 జనవరి 21న 50,000 తాకెను. భయపడి మార్చిలో అమ్మినవారికి ఆ నష్టము స్థిరపడినది. అయిదేండ్లలోపల కావలసిన సొమ్మును అచట పెట్టరాదు. పెట్టదలచినవారు ఒక్క సంస్థను నమ్ముకొనక, పెక్కు సంస్థల వాటాలు కలిసిన మ్యూచువల్ ఫండులో నెలనెల కొంచెముగా వేయుట మేలు.

ఇక, వాకిట కావలెనని చల్లిన బియ్యము కలదు. మారయ్య నాడు ఎక్కువ బియ్యము రాలియుండుట బసవన్న పెట్టిన పరీక్ష యని కొందరు చెప్పుదురు. నేడు పరీక్షించువారు బసవన్నలు కారు. రెండేండ్లలో సొమ్ము రెట్టింపు చేసెదమనువారు, ముగ్గురిని చేర్చిన నీకు వాటా యిత్తుమనువారు ఊరూర తిరుగుచున్నారు. అనుమతి లేని డిపాజిట్లను నిషేధించు చట్టము 2019లో వచ్చినను వారి మాటలకు లోటు లేదు. ఆ మాట పట్టుకొని వచ్చునది చాలసార్లు స్వంత బావమరిదియో, మఠమున ప్రక్కన కూర్చుండు మిత్రుడో యగుట మరింత విషాదము, అతడును మోసపోయినవాడే. చేతిలోని ఫోనునందు ఫ్యూచర్సు, ఆప్షన్సు వర్తకము చేయు యువకుల సంగతియు ఇంతే. ఆ వర్తకము చేసిన వ్యక్తులలో 2021-22 నుండి 2023-24 వరకు మూడేండ్లలో నూటికి 93 మంది నష్టపోయిరనియు, నష్టము 1.8 లక్షల కోట్ల రూపాయలు మించెననియు సెబీ 2024 సెప్టెంబరులో ప్రకటించెను. కట్టెలు కొట్టి అమ్ముకొను మోళిగ మారయ్య యింట బసవేశ్వరుడే రహస్యముగా బంగారు నాణెములు విడిచిపోగా, తన కాయకమున రాని ఆ సొమ్మును ఆ పుణ్యాత్ముడు జంగములకు పంచిపెట్టెను. మహాత్ముడు విడిచిన బంగారమునే ముట్టని పరంపర అపరిచితుడు చూపిన బంగారమునకు పరుగెత్తుట చూడ జాలి గొలుపును.

పిండిమర యజమాని ఆ రాత్రి ఇంటికి పోయి ఖాతా పుస్తకమును మొదటిసారి భార్య యెదుట తెరచెను. ఆమె చాలసేపు ఊరకుండి, "ఏమండీ, మూడవ నోటు సంగతి నాకు చెప్పనే లేదు గదా" అని మాత్రము అనెను. ఆ మాట అతనికి స్వామి మాటకంటె లోతుగా తాకెను. మరునాడు బ్యాంకు డిపాజిటు విరిచి రెండు లక్షలు షావుకారునకు చెల్లించి, చెల్లు నోటు వెనుకనే వ్రాయించుకొనెను. మిగిలినది లక్షకు కొంచెము పైన. బిడ్డ పేర ఒక్క రూపాయియు లేకపోయె నని ఆమె కన్నీరు పెట్టగా, తపాలా యువకుడు ఒక ఉపాయము చెప్పెను: 2015లో వచ్చిన సుకన్య సమృద్ధి ఖాతా పదేండ్లు నిండని ఆడపిల్లకే తెరచుటకు వీలు, 250 రూపాయలతో ఇప్పుడే తెరచి, ఏటేట 250 వేసి ఖాతా నిలుపుకొనుచు, అప్పు తీరిన పిదప పెంచుకొనవచ్చును. అట్లే చేసిరి.

నెలకు 5,000 చొప్పున అప్పు తీరుటకు ఇరువది యేడు నెలలు పట్టెను. ఒక సంక్రాంతికి కొత్త బట్టలు లేవు. ఒకమారు మర మోటారు కాలిపోగా ఆమె గాజులు కుదువకు పోయి మరల వచ్చెను. కార్తిక మాసమున నోటు చింపివేయబడెను. మరుసటి నెలనుండి అదే 5,000 బిడ్డ ఖాతాలోనికి పోవుచున్నది. ఆమెకు పదునెనిమిది నిండునాటికి నూటికి ఎనిమిది చొప్పున లెక్కించినను అయిదు లక్షలకు పైబడును. అప్పటి నిలువలో సగము వరకు పై చదువునకు తీయవచ్చును.

ఒక సాయంత్రము భార్య పుస్తకము చివరి పుట తెరచి, "ఎంత అయిన చాలునో ఇచట వ్రాయుడు" అనెను. అతడు ఒక అంకె వ్రాసెను. ఆమె చూచి, దానిని కొట్టివేసి, దానికంటె చిన్న అంకె వ్రాసెను. ఇద్దరును కొంత వాదించుకొనిరి. ఆ పుటలో రెండంకెలును ఇప్పటికి అట్లే యున్నవి.

ఆ ఏడు వైశాఖ శుద్ధ తదియనాడు అతడు మర మూయలేదు. గోధుమల మూట లింకను రెండు మిగిలియుండెను. పల్లకి ఆ వీధిలోనికి తిరుగగానే చేతుల పిండి దులుపుకొని బయటికి వచ్చి, నమస్కరించి, పల్లకి మలుపు దాటువరకు నిలుచుండెను.